కేటలాగు చదువుకొని కదులు

హనుమకొండ

బిడ్డా,

పాకాల చెరువు మరమ్మతుల కాగితాల కోసం తార్నాకల ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోతున్ననని రాసినవు. మంచి పని. బస్సెక్కే ముందు ఒక పూట కేటలాగుల వాడే మాటలకు ఇయ్యి. వారం కూర్చొని ఉత్తచేతులతో వచ్చేటోళ్లకు చాలాసార్లు కాగితం ఉండే ఉంటది, దాన్ని అడిగే తీరే తెలువదు.

లైబ్రరీల పుస్తకాలను విషయాన్ని బట్టి పేరుస్తరు. ఆర్కైవ్స్‌ల కాగితాలు ఏ కచ్చేరిల పుట్టినయో ఆ కచ్చేరి పేరు కిందనే ఉంటయి. కేటలాగుల ‘ప్రొవెనెన్స్’, ‘క్రియేటర్’ అనే మాటలు దీని గురించే. అందుకే ‘పాకాల’ అని వెతికే ముందు, ఈ పని ఏ శాఖదని అడుగు. కట్ట మరమ్మతు ఖర్చు తామీరాత్‌ల, అంటే పబ్లిక్ వర్క్స్‌ల ఉంటది. పంట ఎండితే ఇచ్చిన శిస్తు మాఫీ మాల్ శాఖల ఉంటది. నీళ్ల తగాదా కోర్టుకు పోతే అదాలత్‌ల. ఊరు జాగీరైతే జాగీరు కాగితాలు వేరే. ఒక్క చెరువుకు నాలుగు తావులు చూడాల్సి వస్తది.

తర్వాత ‘లెవెల్’ చూడు. ఫాండ్స్ అంటే ఒక కచ్చేరి కాగితాలన్నీ కలిపి. దాని లోపల సిరీస్, సిరీస్‌ల ఫైళ్లు, ఫైలుల ఒక్కొక్క కాగితం ఐటెమ్. కొత్తోళ్లు సిరీస్ పేరు చూసి సంబురపడి, కాగితాలు అడిగే స్లిప్పు మీద అదే రాసిస్తరు. సిరీస్ అంటే అరలకు అరలు, అది బల్ల మీదికి రాదు. అడగాల్సింది ఫైలు నంబరు. ఐసాడ్-జి అనే అంతర్జాతీయ పద్ధతిల తప్పనిసరి వివరాలు 6: రిఫరెన్స్ కోడ్, శీర్షిక, క్రియేటర్, తేదీలు, పరిమాణం, లెవెల్. ఏ దేశపు కేటలాగు తెరిచినా ముందు ఈ ఆరూ ఏడున్నయో చూసుకో.

నిజాం కాలపు జాబితాలల్ల ఉర్దూ మాటలు తగుల్తయి. మిసల్ అంటే ఫైలు, నిషాన్ మిసల్ అంటే ఫైలు నంబరు, బస్తా అంటే గుడ్డల కట్టిన మూట, సీఘా అంటే శాఖల ఒక విభాగం, నకల్ అంటే ప్రతి. ఫర్మాన్ నిజాం ఉత్తర్వు. ఉత్తర్వు కోరుతూ కింది నుంచి పైకి పోయేది అర్జదాష్త్. ఫర్మాన్ దొరికిందని ఆగిపోకు. ఫర్మాన్‌ల నిర్ణయం రెండు ముక్కలల్ల ఉంటది, ఎందుకు అడిగిండ్రు, ఎంత ఖర్చు అనే సంగతులు అర్జదాష్త్‌ల ఉంటయి. నీ పరిశోధనకు అక్కెరొచ్చేది అదే.

అందరూ జారిపడే తావు తేదీలు. జాబితాల ‘1329’ అని ఉంటే అది ఫసలీనా (పంట, శిస్తు లెక్కల ఏడాది), హిజ్రీనా (ముస్లింల ఏడాది) తేల్చుకో. హిజ్రీ 1329 అంటే 1911. ఫసలీ 1329 అంటే 1919-20. అంచనా తప్పితే నీ చెరువు ఎనిమిదేండ్లు ముందుకో వెనక్కో జరుగుతది. నెల పేరు చూస్తే తెలుస్తది: మొహర్రం, రంజాన్ ఉంటే హిజ్రీ, ఆజూర్, దై, బహమన్ ఉంటే ఫసలీ. ఇరవయ్యో శతాబ్దపు హైదరాబాద్ కాగితాలల్ల ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంల ఆజూర్‌తో మొదలయితది. ఆజూర్, దై నెలలకు 590 కలుపు. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలుపు. బహమన్‌ల డిసెంబరు, జనవరి రెండూ తగుల్తయి కాబట్టి తారీఖు చూసి లెక్కగట్టు. ఇప్పటి పహాణీల ఫసలీ జూలై 1న మొదలయితది, ఆ లెక్క వీటికి పెట్టకు. హిజ్రీకి ఇట్ల ఒకే అంకె కలిపితే కుదరదు. అది చాంద్రమానం, ఏటా 11 రోజులు తక్కువ, తేడా మారుతూ పోతది. దానికి పట్టిక దగ్గర పెట్టుకో.

‘1925-31’ అని ఉంటే ఆ ఫైలుల మొదటి కాగితం, చివరి కాగితం తేదీలని అర్థం. పాత ఉత్తర్వు నకల్ లోపల ఉంటే దాని అసలు తేదీ ఇంకా ముందుదయి ఉండొచ్చు. అంకె ముందు ‘సి’ ఉంటే సుమారు అని. శీర్షిక చదరపు బ్రాకెట్లల్ల ఉంటే అది కాగితం మీది పేరు కాదు, కేటలాగు రాసినాయన పెట్టింది. దాన్ని వ్యాసంల అసలు పేరు లెక్క రాయకు.

ఊరి పేర్లకు కూడా ఓపిక కావాలె. ఇప్పటి కరీంనగర్ 1905కు ముందు ఎల్గందల్ జిల్లా. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలనే ఉండె. ఉర్దూ పేరును ఇంగ్లిషులకు దించినప్పుడు స్పెల్లింగు ఒక్కొక్కరు ఒక్కో తీరు రాసిండ్రు. నర్సంపేటనైనా హనుమకొండనైనా మూడు నాలుగు తీర్ల వెతుకు.

పరిమాణం దగ్గర ‘120 ఫోలియోలు’ అని ఉంటే 120 పేజీలు అనుకోకు. ఫోలియో అంటే ఆకు, రెండు దిక్కులా రాస్తే 240 పేజీలు. రెక్టో ముందు దిక్కు, వెర్సో వెనక దిక్కు. నకలుకు అడిగేటప్పుడు దిక్కు కూడా రాయి, లేకుంటే సగమే వస్తది. ‘బ్రిటిల్’ అని ఉంటే కాగితం పెళుసెక్కిందని, ఇయ్యకపోవచ్చు. అటువంటిది ఉంటే మైక్రోఫిల్మో, స్కానో ఉన్నదా అని ముందే అడుగు.

రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి కచ్చేరి, కాగితాల కోసం ఢిల్లీల నేషనల్ ఆర్కైవ్స్ జాబితా చూస్తే, ‘కె.డబ్ల్యు.’ అంటే ఆ ఫైలుతో కలిపి ఉంచాల్సిన నోట్లు. అధికారుల అసలు అభిప్రాయాలు తరచుగా అందులనే ఉంటయి, విడిగా అడుగు. ‘నాట్ ట్రాన్స్‌ఫర్డ్’ అంటే ఫైలు ఇంకా ఆ శాఖ దగ్గరనే ఉన్నదని.

స్లిప్పు మీద రిఫరెన్స్ కోడ్ గీతలు, చుక్కలతో సహా ఉన్నదున్నట్టు దించు. శాఖ, బస్తా నంబరు, మిసల్ నంబరు, ఫసలీ ఏడాది నీ నోటుబుక్కుల అప్పుడే రాసుకో, ఫోటో తీసినా సరే. పెన్ను సంచిలనే ఉంచి పెన్సిలు పట్టుకో.