బందరుకు వెళ్లండి, కానీ బీచ్ ఒక్కటే చూసి రాకండి

"నల్గొండ నుంచి రెండు రోజుల్లో వెళ్లి రాగలిగే, పాత చెక్క ఇళ్లు, పడవల పని ఇంకా కనిపించే సముద్రపు ఊరు ఏదైనా ఉందా?" అని అడిగారు. నేనైతే మచిలీపట్నమే చెప్తాను, అదే మన బందరు. చిన్న ఊరు కాదు, జిల్లా కేంద్రం. కానీ మీరు అడిగింది అక్కడ దొరుకుతుంది.

మాది నకిరేకల్. చిన్నప్పుడు మా ఊరి మీదుగా పోయే హైదరాబాద్-విజయవాడ హైవే ఎక్కడిదాకా పోతుందని అడిగితే మా నాయిన "సముద్రం కాడికి" అనేవాడు. నిజమే, విజయవాడ దాటి ఇంకో 70 కిలోమీటర్లు పోతే రోడ్డు బందరులో ఆగుతుంది. గోల్కొండ కుతుబ్‌షాహీలకు పెద్ద రేవు అదే. పారసీకంలో బందర్ అంటేనే రేవు. ఇదే దారిలో, హైదరాబాద్ దగ్గర హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ కనిపించే సరాయి గదులు బాటసారుల కోసం కట్టినవే. అందుకే ఆ ఊరు నాకు పరాయిదిగా అనిపించదు. ఒకప్పుడు మన రేవు అది.

ఇళ్ల విషయం ముందే చెప్తున్నా, వీధులకు వీధులు ఉంటాయని ఆశపడకండి. 1864 నవంబరు ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు, ఊరు చాలా వరకు తుడిచిపెట్టుకుపోయింది. మేం తిరిగిన వీధుల్లో టేకు స్తంభాల పెంకుటిళ్లు ఒకటీ అరా కనిపించాయి, వాటిలోనూ కొన్నింటికి తాళాలే. బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులు చూడండి. పెడన దగ్గరే కాబట్టి, కలంకారీ అద్దకానికి వాడే చెక్క అచ్చులు కూడా చూసి రావచ్చు.

అసలు చూడాల్సింది బందరు దగ్గరి చేపల రేవు గిలకలదిండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. రిపేర్లన్నీ అప్పుడే పెట్టుకుంటారు. ఎండ మండిపోతుంది, అయినా నాయినా నేనూ మే నెలలోనే వెళ్లాం. ఒడ్డుకు లాగిన పడవ కింద ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని, పలకల సందుల్లోకి నూలు పోగు కుక్కుతూ ఉలితో దిగ్గొడుతున్నాడు. మధ్యమధ్యలో ఒక్కో పలకను సుత్తితో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు.

"ఏం వింటున్నారండీ?" అన్నాను.

"పుచ్చితే మెత్తగా పలుకుద్ది బాబూ. గట్టిదైతే ఖంగుమంటది. ఏ ఊరు మీది?"

నకిరేకల్ అన్నాను. "హైదరాబాద్ రోడ్డు మీదేగా! మా చేపల బళ్లు రాత్రిళ్లు అటే పోతాయి" అని, సుత్తి నా చేతికిచ్చి రెండు పలకలు కొట్టి చూడమన్నాడు. తేడా నాకూ తెలిసింది.

మా పాత ఇల్లు కూలగొట్టే ముందు మా ఊరి వడ్ల ఆయన (వడ్రంగి) కూడా దూలాలను ఇట్లాగే కొట్టి చూసి, "ఇంకో వందేండ్లు ఉంటయి, ఉంచుకోండి" అన్నాడు. మేం వినలేదు. స్లాబు ఇల్లు కావాలని తొందరపడి దూలాలు కట్టెల అడితికి అమ్మేశాం. ఆ పడవ పక్కన నిలబడి నాయినా నేనూ చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు.

చెక్కపని చూడాలంటే మేలో, పొద్దున తొమ్మిదిలోపే రేవుకు చేరండి. పడవలు చేపలతో రావడం చూడాలంటే జూన్ మధ్య తర్వాత వెళ్లండి. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం ప్రయాణం వాయిదా వేసుకోండి. ఫొటో తీసే ముందు అడగండి, కాదనరు.