ఆరో నెల నిండిన పాపకి చోడిజావ: చోళ్ళు (రాగులు) మొలక కట్టాలా, అక్కర్లేదా?

పాపకి ఆరో నెల నిండిందని, చోళ్ళు మొలక కట్టి పిండి చేయమని మీ అత్తగారు పట్టుబడుతున్నారని, మామూలు పిండితో మీరు కాచిన జావ పాప ఉమ్మేస్తోందని రాశారు. అంత శ్రమ అవసరమా, బజార్లో దొరికే పిల్లల ఆహారం డబ్బా తెచ్చేసుకుంటే పోలేదా అని అడిగారు. ఈ ఒక్క విషయంలో మీ అత్తగారి మాట వినండి. మాది ఆమదాలవలస దగ్గర. మా బాబుకి రెండుసార్లు పిండి పాడుచేసి మూడోసారికి నేర్చుకున్నాను.

మామూలు చోడిపిండి ఉడికేకొద్దీ బంకలా అవుతుంది. పిల్ల మింగలేదని మనం నీళ్ళు పోసి పలుచన చేస్తాం. ఆ చిన్న పొట్ట నీళ్ళతోనే నిండిపోయి గంటకల్లా మళ్ళీ ఏడుపు మొదలు. మొలకెత్తిన గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. అది పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది కాబట్టి, కాస్త ఎక్కువ పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. పెద్దవాళ్ళు ఎంజైమ్ పేరు చెప్పలేదు గానీ పని తెలుసు.

నా మొదటి తప్పు ఇక్కడే. మొలకలు ఆరాక మూకుట్లో ఎర్రగా వేయించేశాను. ఇల్లంతా కమ్మటి వాసన, జావ మాత్రం మళ్ళీ బంకే. వేడి ఎక్కువైతే ఆ ఎంజైమ్ చచ్చిపోతుందని తర్వాత తెలిసింది. సన్న సెగ మీద పచ్చివాసన పోయేవరకు తిప్పితే చాలు. రెండో తప్పు మిల్లులో. మాకంటే ముందు ఎవరో కారం ఆడించుకున్నారు, నేను చూసుకోలేదు. మొదటి చెంచాకే బాబు ఎర్రబడిపోయి గుక్కపెట్టాడు. కిలో పిండి మేమే అంబలి కాచుకుని తాగాం. అప్పటినుంచి ఇంట్లో మిక్సీయే.

చోళ్ళు రాళ్ళు లేకుండా ఏరి, నాలుగైదు నీళ్ళు కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న వడకట్టి తడిగుడ్డలో మూటకట్టి, ఆరకుండా మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తూ ఉండండి. ఒకటి, ఒకటిన్నర రోజుకి తెల్లటి మొలక కనిపిస్తుంది. జిగురుగా ఉన్నా, పుల్లవాసన వచ్చినా పారేయండి, జాలి పడొద్దు. నీడలో బాగా ఆరబెట్టి, వేయించి, మెత్తగా పట్టి పల్చటి గుడ్డలో జల్లించండి. వానాకాలం మన వైపు గాలిలో తేమ ఎక్కువ కదా, పదిహేను రోజులకి సరిపడానే చేసుకోండి.

కాచేటప్పుడు పిండిని చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉడికించండి. మరిగే నీళ్ళలో వేస్తే మొలక కట్టిన కష్టం వృథా, ఎంజైమ్ పని చేసే సమయమే ఉండదు. చెంచా వంచితే నీళ్ళలా కారిపోకూడదు, గరిటెజారుగా మెల్లగా పడాలి. మొదట్లో రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు చాలు. తల్లిపాలు మానొద్దు.

చోళ్ళలో కాల్షియం బాగానే ఉంటుంది, 100 గ్రాములకి సుమారు 340 మిల్లీగ్రాములు. ఇనుము సంగతే చూసుకోవాలి, ఉన్నది కూడా ఒంటికి సరిగా పట్టదు. అందుకే జావ ఒక్కటే పెడుతూ కూర్చోవద్దు. వారం పది రోజులకి మెత్తగా ఉడికిన పెసరపప్పు, ఆ తర్వాత మెదిపిన గుడ్డు మొదలుపెట్టండి. కొత్తది ఏదైనా ఒకటి పెట్టి, మూడు రోజులు చూసి, ఆ తర్వాతే ఇంకొకటి. ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ వేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఊళ్ళోకి వచ్చే ఏఎన్‌ఎమ్ (ప్రభుత్వ నర్సు) గారిని అడిగితే ఎలా వేయాలో చెబుతారు.

ఇక చుట్టాల సలహాలు. మా మామ్మ "ఉప్పు లేకపోతే ఏం రుచి రా నాయనా" అని చిటికెడు వేయబోయేది. ఏడాదిలోపు ఉప్పు, పంచదార, బెల్లం అక్కర్లేదని నచ్చచెప్పడానికి నెల పట్టింది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలిక మీద రాయనివ్వకండి, ఎవరు అలిగినా సరే. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

డబ్బా తెస్తే తప్పేమీ లేదు, ప్రయాణాల్లో మేమూ వాడాం. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం పిండి కూడా తెచ్చుకోండి. దానిలో చక్కెర కలిసే ఉంటుంది, విడిగా వేయకండి.

ఉమ్మేయడం గురించి టెన్షన్ వద్దు. ఇన్నాళ్ళు పాలు చప్పరించిన నాలిక, చెంచా తగిలితే ముందుకు తోయడమే దానికి తెలుసు. మా వాడు ఐదు రోజులు తోసేశాడు. బలవంతంగా నోట్లో పోయకుండా, నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెంచా కొసన కొద్దిగా పెట్టి చూడండి. వాంతులు, దద్దుర్లు కనిపిస్తే మాత్రం ఆపేసి డాక్టరుకి చూపించండి. కొత్తలో మలం గట్టిపడితే, జావ తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళు ఒకటి రెండు చెంచాలు పట్టండి.