లాఫింగ్ గ్యాస్ పీలిస్తే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

లాఫింగ్ గ్యాస్ నొప్పిని తనే తగ్గిస్తుందా, మెదడు చేత తగ్గింపిస్తుందా అని అడిగారు. చాలావరకు మెదడు చేతే. ఈ గ్యాస్‌ని, అంటే నైట్రస్ ఆక్సైడ్‌ని పీల్చగానే మధ్యమెదడులోని ఓ చిన్న భాగంలో మన ఒంట్లోనే తయారయ్యే, మార్ఫిన్‌లా పనిచేసే ఎండార్ఫిన్ల లాంటి రసాయనాలు విడుదలవుతాయి, వాటి వల్ల అక్కడి నుంచి మొదలయ్యే నరాల దారి చురుకై, వెన్నుపాములో నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని వదిలి, పైకి వెళ్లాల్సిన నొప్పి సంకేతాన్ని మధ్యలోనే అణిచేస్తుంది. దీనికి నాకు బాగా నచ్చే రుజువేంటంటే, జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, మార్ఫిన్‌కి విరుగుడైన నాలాక్సోన్ ముందే ఇస్తే ఈ గ్యాస్ నొప్పిని అంతగా తగ్గించలేకపోయింది. మత్తు సంగతి వేరు. అది ప్రధానంగా నరాల కణాల మీద సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ అనే రిసెప్టర్లను అడ్డుకోవడం వల్ల వస్తుంది. గ్యాస్ ఆపాక కొద్ది నిమిషాల్లోనే రెండూ దిగిపోతాయి.