గుర్తును ఎంచుకునేటప్పుడు దాని సంఖ్య చూడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు తయారు చేసిన వెబ్ పేజీ నా కంప్యూటరులో చక్కగా కనిపించింది కానీ, పాత ఫోనులో తెరిచేసరికి బాణం గుర్తులున్న చోటల్లా ఖాళీ డబ్బాలు వచ్చాయి. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను కనుక, నాకు తెలిసినది కాస్త వివరంగా రాస్తున్నాను.

గుర్తు కావలసినప్పుడల్లా ఏదో ఒక పేజీలోంచి కాపీ చేసి తెచ్చుకునే అలవాటు మానుకో. చూడటానికి ఒకేలా ఉండే గుర్తులకు, ప్రతి అక్షరానికీ గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే అంతర్జాతీయ పట్టిక అయిన యూనికోడ్‌లో వేర్వేరు సంఖ్యలుంటాయి. ఒకసారి ఉష్ణోగ్రతల పట్టిక తయారు చేస్తూ, డిగ్రీ గుర్తు (°, 176) అనుకుని, స్పానిష్ వంటి భాషల్లో వరుస సంఖ్యల పక్కన రాసే 186వ గుర్తును పట్టిక నిండా పెట్టాను. కంటికి తేడా తెలియలేదు; డిగ్రీ గుర్తుతో వెతికినవారికి మాత్రం ఒక్క వరుస కూడా దొరకలేదు. అప్పటి నుంచి విండోస్‌లో క్యారెక్టర్ మ్యాప్, మాక్‌లో క్యారెక్టర్ వ్యూయర్ అనే గుర్తుల పట్టికలు తెరిచి, పేరూ సంఖ్యా సరిచూసుకోనిదే ఏ గుర్తునూ వాడటం లేదు. గుణకారానికి × (215), తీసివేతకు − (8722) విడిగా ఉన్నాయి; వాటి బదులు అక్షరాన్నో అడ్డగీతనో పెట్టకు.

సంఖ్య తెలిస్తే రాయడం తేలికే. &#169; అని రాస్తే బ్రౌజరు © చూపిస్తుంది. ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే గుర్తుల సంఖ్యలను బైట్లుగా మార్చే పద్ధతిలో, భద్రపరిస్తే గుర్తును నేరుగా టైపు చేసినా సరిపోతుంది. అయితే కోడ్‌లో భాగమని బ్రౌజరు పొరబడే <, & గుర్తులను &#60; అనీ &#38; అనీ రాయాలి. కంటికి కనిపించనివాటినీ సంఖ్యతో రాయడమే మేలు. ఉదాహరణకు 'సాఫ్ట్‌వేర్'లో ట పొల్లు తరువాత 8204 అనే అదృశ్య గుర్తు ఉంది. అది జారిపోతే వ అక్షరం ఒత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. తెలుగులో రాసేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

గుర్తు సరిగా కనిపించనప్పుడు, తెర మీద ఏం వచ్చిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఖాళీ డబ్బా వస్తే, ఆ పరికరంలోని ఫాంట్లలో ఆ గుర్తు లేదన్నమాట. © ముందు నెత్తిన టోపీ ఉన్న అక్షరమొకటి అదనంగా వస్తే, యూటీఎఫ్-8లో రెండు బైట్లుగా ఉన్న గుర్తును బ్రౌజరు రెండు అక్షరాలుగా చదివింది. అలాంటప్పుడు పేజీ మొదటి 1024 బైట్లలోపే, ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో బ్రౌజరుకు చెప్పే మెటా చార్‌సెట్ ప్రకటన ఉందో లేదో చూడు. నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం (�) కనిపిస్తే వ్యవహారం తిరగబడింది: ఫైలు వేరే ఎన్‌కోడింగ్‌లో ఉంది, బ్రౌజరు దాన్ని యూటీఎఫ్-8గా చదువుతోంది.

నీ పేజీలో వచ్చినవి ఖాళీ డబ్బాలే కనుక చార్‌సెట్ జోలికి పోనక్కరలేదు. ఆ అరుదైన బాణాలను తీసేసి, దాదాపు అన్ని పరికరాల్లోనూ ఉండే → (8594) పెట్టు. బాణం ఒక్కటే ఉన్న బటన్లకు 'తరువాతి పేజీ' అన్న మాట కూడా జోడించు. చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ ఆ మాటను చదివి వినిపిస్తుంది. మార్చాక తెలియజేయి, అదే ఫోనులో తెరిచి చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య