పక్క పిల్లాడు కాళ్లు చుట్టేసుకున్నాడు, మన పాపేమో దాక్కుంది

మీ మెయిల్ రెండుసార్లు చదివానండి. నాలుగేళ్ల పాపని దత్తత తీసుకోడానికి వేరే దేశం వెళ్లారు, ఆశ్రమంలో అడుగు పెట్టగానే ఎవరో బాబు పరిగెత్తుకొచ్చి మీ కాళ్లు చుట్టేసుకుని వాళ్ల భాషలో అమ్మా అన్నాడు, మీ పాపేమో ఆయమ్మ వెనక దూరి మీ మొహం కూడా చూళ్లేదు. రాత్రంతా ఏడ్చానని రాశారు. మీవారు ఆ బాబుని కూడా అడిగేద్దాం అంటున్నారు, ఇంకా పది రోజులు రోజూ వెళ్లాలి, ఏం చెయ్యాలని కదా మీ ప్రశ్న.

పాప దాక్కుందని మీరు బెంగపెట్టుకున్నారు గానీ అది చదివి నాకు ప్రాణం కుదుటపడింది. దాక్కోడానికి తనకంటూ ఒక మనిషి ఉందన్నమాట! ఒకళ్లని నమ్మడం తెలిసిన పిల్ల మెల్లిగా ఇంకొకళ్లని కూడా నమ్ముతుంది. కనబడ్డ ప్రతివాళ్ల ఒళ్లోకి ఎక్కేయడం మాత్రం షిఫ్టుకో ఆయా మారిపోయే చోట పెరిగిన పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది, 1970ల్లో లండన్‌లో బార్బరా టిజార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గమనించింది ఇదే, 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలతో మొదలైన స్టడీలోనూ ఇదే కనబడింది. అలాంటి పిల్లల్లో రెండేళ్లు దాటాక దత్తత వెళ్లినవాళ్లు కూడా చాలామంది కొత్త అమ్మానాన్నలకి బాగా దగ్గరయ్యారని టిజార్డే చెప్పింది, అందుకని నాలుగేళ్లు వచ్చేశాయే అని దిగులొద్దు.

ఆ బాబుది నటన అనట్లేదండోయ్, వాడికి నిజంగానే ఒక ఒడి కావాలి, కాకపోతే అది మీదే అవ్వాలని లేదు. మీవారికి మాత్రం గట్టిగా చెప్పండి, చూసి నచ్చిన పిల్లాడిని అడిగే పద్ధతి కాదిది. వేరే దేశం పిల్లల దత్తత గురించి చేసుకున్న 1993 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో అయితే ఆ బిడ్డని దత్తతకి ఇవ్వొచ్చా లేదా అన్నది ముందు అక్కడి అధికారులు తేల్చాలి, ఆ తర్వాతే తల్లిదండ్రుల్ని కలుపుతారు. పైగా ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన అనాథ అనుకోకండి, వాడికి వారం వారం వచ్చి చూసిపోయే తల్లి ఉండొచ్చు. వాడు వస్తే కిందకి వంగి పలకరించండి, పేరు పెట్టి పిలవండి, ఎత్తుకుని గంటలు గంటలు తిప్పొద్దు. మళ్లీ వస్తా, నిన్నూ తీసుకెళ్తా లాంటి మాట పొరపాటున కూడా అనొద్దు. ఏమైనా ఇవ్వాలనుంటే ముందు ఆశ్రమంవాళ్లని అడిగి, అందరూ ఆడుకునే బంతో రంగు పెన్సిళ్లో ఆయాల చేతికివ్వండి.

పాప దగ్గరికి రోజూ అదే టైంకి వెళ్లండి, కుర్చీలో కాకుండా నేల మీద కూర్చోండి. సబ్బు బుడగలు ఊదుతూ ఉండండి, తనని రమ్మని పిలవొద్దు, బుడగ తన కాళ్ల దగ్గర పడితే తనే తొక్కుతుంది, మొదటి రోజుకి అది చాలు. ఇదంతా ఆయమ్మని పక్కనే కూర్చోబెట్టుకుని చెయ్యండి. ఆవిడ మీద అసూయ వస్తుంది, చాలామంది తల్లులకి వస్తుంది, మనసులోనే ఉంచుకోండి. పాప ఎలా పడుకుంటుంది, రాత్రి లేస్తే ఏం చేస్తారు, దేనికి భయపడుతుంది అన్నీ ఆవిడనే అడగాలి, జోల పాడేటప్పుడు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. వాళ్ల భాషలో నీళ్లు, నొప్పి, నిద్ర, బాత్రూం, భయపడకు, ఈ మాటలైనా నేర్చుకోండి.

ఆశ్రమం గేటు, తన మంచం, ఆయమ్మతో పాప, పర్మిషన్ అడిగి వీటికి ఫోటోలు తియ్యండి, పెద్దయ్యాక తన చిన్నతనం గురించి చూసుకోడానికి అవే ఉంటాయి. వేరే పిల్లల మొహాలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి, ఆ మాటకొస్తే కాగితాలు పూర్తయ్యేదాకా మీ పాపదీ పెట్టొద్దు.

కోర్టు పని అవ్వకుండానే తిరిగి రావాల్సొస్తే ఫలానా రోజు వస్తానని చెప్పొద్దు, కోర్టు తేదీలు వెనక్కి జరుగుతూనే ఉంటాయి. మీ ఇద్దరి ఫోటోలతో చిన్న ఆల్బం, మీరు నాలుగు రాత్రులు పక్కలో పెట్టుకుని పడుకున్న చిన్న దుప్పటి ఒకటి ఆయమ్మకిచ్చి రండి. మీ వాసన పోకుండా ఆ దుప్పటి ఉతకొద్దని ఆవిడకి మరీ మరీ చెప్పండి.