మంచి మెకానిక్‌లు ఎందుకు నిలవడం లేదు?

జీతం పెంచినా ఏడాది తిరగకుండానే ఇద్దరు మంచి మెకానిక్‌లు మానేశారని, కొత్తగా వస్తున్నవారు అన్నీ తెలిసినట్టు మాట్లాడి తీరా బండి దగ్గర తేలిపోతున్నారని మీరు రాశారు. రెండో చిక్కు తేలికైనదే. ఇంటర్వ్యూలో మాటలు తగ్గించి, రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోయే బండిని ఒకదాన్ని అప్పగించి చూడండి (బ్యాటరీ బాగానే ఉందని ముందుగా మీరే పరీక్షించుకోవాలి సుమా). వచ్చీరాగానే బ్యాటరీ మార్చాలనేవారిని పక్కన పెట్టి, మల్టీమీటరును (కరెంటు కొలిచే సాధనాన్ని) బ్యాటరీ నెగటివ్ తీగకు వరుసలో కలిపి, బండిలోని కంప్యూటర్లు నిద్రలోకి జారేదాకా ఓపిగ్గా ఆగి, ఆ తర్వాత ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ కరెంటు ఎక్కడ తగ్గుతుందో గమనించేవారిని తీసుకోండి. చాలా కార్లలో బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి పారే కరెంటు 50 మిల్లీయాంపియర్ల లోపే ఉండాలి.

అసలు సమస్య మీరు పనికింత అని చెల్లించడంలో ఉందని నా అభిప్రాయం. ఆ పద్ధతిలో బ్రేక్ ప్యాడ్లు మార్చినవారికి డబ్బు వస్తుంది; రెండు గంటలు తల బద్దలు కొట్టుకుని తెగిన వైరును పట్టుకున్నవారికి దాదాపు ఏమీ మిగలదు, కనుక అందరికంటే నేర్పరే ముందుగా వెళ్లిపోతారు. లోపం వెతికిన సమయానికి విడిగా వెల కట్టి, బిల్లులోనూ దాన్ని వేరుగా చూపండి. తిరిగి వచ్చిన బండి విషయంలో విడిభాగం లోపమా, చేతి పొరపాటా తేలకముందే జీతం కోయకండి. బండ్లు రాని రోజులకు కూడా కొంత స్థిరవేతనం ఖాయం చేయండి.