మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది.. ఇది గ్యాసేనా?

ప్రశ్న: నా వయసు 53. వచ్చే నెల వరుసగా నాలుగు రోజులు సెలవులు కలిసొచ్చాయి. నేను, నా భార్య, తమ్ముడి కుటుంబం కలిసి టూర్ వేసుకున్నాం. మొదటి రెండు రాత్రులు నగరంలో ఉండి పేరున్న రెస్టారెంట్లలో భోజనాలు. మూడో రోజు కారులో 3,000 మీటర్ల ఎత్తులో ఉన్న కొండ ఊరికి వెళ్లి రాత్రి అక్కడే ఉంటాం. మర్నాడు పొద్దున 4,000 మీటర్లు దాటిన వ్యూ పాయింట్ చూసి తిరిగొస్తాం. నాకు బీపీ, షుగర్ ఉన్నాయి. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. రెండు నెలలుగా గ్యాస్ ఎక్కువైంది. తిన్నాక నడిచినా, మెట్లెక్కినా ఛాతీ పట్టేస్తుంది. కాసేపు నిలబడితే త్రేనుపు వచ్చి తగ్గిపోతుంది. పాంటాప్రజోల్, డోంపెరిడాన్ కలిసిన క్యాప్సూల్ రోజూ పొద్దున వేసుకుంటున్నాను. టూర్‌లో దాన్ని రెండు పూటలా వేసుకోవచ్చా? దారిలో మాటిమాటికీ మూత్రానికి ఆగాల్సి వస్తుంది కాబట్టి ఆ నాలుగు రోజులు బీపీ మాత్ర మానేయవచ్చా? ఎత్తు ప్రాంతాలకు ఎసిటజోలమైడ్ మంచిదని స్నేహితుడు చెప్పాడు, కొనుక్కోవచ్చా? నా భార్యకు మలుపుల రోడ్డులో వాంతులవుతాయి, ఏం వేసుకోవాలి?

జవాబు: మీరు నాలుగు మాత్రల గురించి అడిగారు. వాటికన్నా ముందు మాట్లాడాల్సింది మీ ఛాతీ గురించి.

నడిస్తేనో, మెట్లెక్కితేనో ఛాతీ పట్టేయడం, ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోవడం, తిన్న వెంటనే నడిస్తే ఇంకా తొందరగా రావడం.. ఈ వరుస వినగానే ఏ డాక్టరైనా ముందు అనుమానించేది గుండెనే. గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనులు సన్నబడితే, శ్రమ పడినప్పుడు చాలినంత రక్తం అందక వచ్చే నొప్పిని యాంజైనా అంటాం. కడుపు నిండా తిన్నాక పేగులకు ఎక్కువ రక్తం పంపాలి కాబట్టి గుండె మీద పని పెరుగుతుంది. అందుకే కొందరికి భోజనం తర్వాతే నొప్పి కనబడుతుంది. అలాంటివాళ్లు సహజంగానే తిండిని తప్పుపడతారు. నొప్పి తగ్గే సమయానికి ఒక త్రేనుపు కూడా వస్తే ఇక అది గ్యాసేనని నమ్మేస్తారు. తగ్గింది త్రేనుపు వల్ల కాదు, మీరు ఆగడం వల్ల కావచ్చు.

మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా ఇది గుండె జబ్బేనని నేను చెప్పలేను. అసిడిటీ, అన్నవాహిక బిగుసుకోవడం, ఛాతీ కండరాల నొప్పి వంటి కారణాలూ ఉంటాయి. కానీ 53 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్న మనిషికి శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయే ఛాతీ బిగువును గుండెది కాదని తేలేదాకా గుండెదిగానే చూడాలి. షుగర్ ఉన్నవాళ్లలో నరాలు కొంత మొద్దుబారి నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు. ఆయాసం, చెమట, విపరీతమైన నీరసం, పై కడుపులో మంట మాత్రమే ఉండవచ్చు. అది గ్యాసేనని మీకు మీరే తేల్చేసుకుని రెండు నెలలు క్యాప్సూల్‌తో గడిపేశారు. ఈ ఆలస్యం మంచిది కాదండీ. ఓపీలో మేం రోజూ వినే మాటే ఇది, "గ్యాస్ అనుకున్నాం సార్" అని. అలా వచ్చినవాళ్లలో కొందరికి అప్పటికే గుండె కండరం దెబ్బతిని ఉంటుంది.

అందుకని ఈ వారంలోనే ఫిజీషియన్‌నో, కార్డియాలజిస్ట్‌నో కలవండి. టూర్ దాకా ఆగకండి. మొదట ఈసీజీ తీస్తారు. అది నార్మల్‌గా ఉందని అక్కడితో వదిలేయకండి. నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ యాంజైనా ఉన్నవాళ్లలోనూ మామూలుగా ఉండవచ్చు. ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్, సీటీ యాంజియో వీటిలో మీకు ఏది అవసరమో పరీక్షించిన డాక్టర్ చెబుతారు. ఈలోగా తిన్న వెంటనే నడవడం, బరువులు మోయడం వద్దు. నొప్పి ఇంతకుముందుకన్నా తక్కువ శ్రమకే వస్తున్నా, కూర్చున్నప్పుడు వచ్చినా, 10 నిమిషాలు దాటినా, చెమట పట్టినా, దవడకో ఎడమ చేతికో పాకినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అంబులెన్స్ పిలిపించుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి. కారు మీరే నడుపుకుంటూ వెళ్లకండి. పక్కింటివాళ్లు ఇచ్చారని గుండెనొప్పికి వాడే నాలుక కింద మాత్ర పెట్టుకోవద్దు. బీపీ పడిపోవచ్చు. సిల్డెనఫిల్ లాంటి మందులు వాడేవాళ్లకైతే అది ప్రాణం మీదకు తెస్తుంది.

ఇప్పుడు మీ టూర్. విడివిడిగా చూస్తే రెండు రాత్రుల విందు భోజనాలతోనో, ఒక కొండ ఊరితోనో చాలామందికి ఇబ్బంది ఉండదు. మీ ప్లాన్‌లో ఈ రెండూ వెంటవెంటనే వస్తున్నాయి. రెండు రాత్రులు ఉప్పు, నూనె ఎక్కువగా ఉన్న భోజనాలు, ఆలస్యంగా నిద్ర, బహుశా మద్యం. వీటితోనే బీపీ, షుగర్ గాడి తప్పుతాయి. మర్నాడు నేరుగా 3,000 మీటర్లకు చేరతారు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి తగ్గడంతో ఒక్కో శ్వాసకు అందేది సముద్రమట్టంలో అందే దానిలో దాదాపు 70 శాతమే. ఆ లోటు పూడ్చడానికి ఊపిరి, గుండె వేగం పెరుగుతాయి, బీపీ కూడా కొంత పెరుగుతుంది. ఆరోగ్యవంతుడి గుండె దీన్ని తట్టుకుంటుంది. ఇక్కడ మెట్లెక్కడానికే ఇబ్బంది పడుతున్న గుండె అక్కడ ఏమవుతుందో ముందే చూసుకోవాలి కదా.

నాకు దీనికన్నా భయం ఇంకొకటి. కొండ మీద ఏం జరిగినా "నిన్న రాత్రి తిన్నది పడలేదు" అనేస్తారు. 2,500 మీటర్లు దాటిన ఎత్తుకు త్వరగా చేరినవాళ్లలో సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. దానితో వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తేలిపోవడం ఉంటాయి. ఇది ఎత్తు వల్ల వచ్చే జబ్బు. చూడ్డానికి అచ్చం అజీర్ణంలానో, మద్యం తాగిన మర్నాటి తలనొప్పిలానో ఉంటుంది. ఇక గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, వాంతుల మాత్ర వరసగా మింగి, పొద్దున ఇంకా పైకి బయల్దేరతారు. పాడైన తిండి వల్లయితే చాలావరకు విరేచనాలు, కడుపునొప్పి, కొన్నిసార్లు జ్వరం ఉంటాయి. విరేచనాలు, జ్వరం లేకుండా తలనొప్పి, వికారం వచ్చాయంటే ముందు ఎత్తునే అనుమానించండి. పూర్తిగా తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగిపోవాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నడకలో తూలడం, మాట తడబడటం, మగతగా ఉండటం.. వీటిలో ఏది కనిపించినా ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందని అర్థం చేసుకుని, అర్ధరాత్రి అయినా దిగుతూనే వైద్య సాయం కోసం చూడండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు.

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్య నిపుణులు చెబుతారు. మీరు పడుకునేది 3,000 దగ్గరే కాబట్టి ఆ లెక్క తప్పడం లేదు. కానీ అలవాటు పడటానికి ఒక్క రాత్రి కూడా సరిగా దొరకకుండానే 4,000కు వెళ్లడం నాకు నచ్చలేదు. గుండె పరీక్షలన్నీ బాగున్నా సరే, నగరంలో ఒక రాత్రి తగ్గించి దారిలో 2,000 మీటర్ల దగ్గర ఒక రాత్రి ఆగితే మేలు. ఆ వ్యూ పాయింట్ మానేసినా పెద్దగా పోయేదేమీ ఉండదు. 3,000 మీటర్ల దగ్గరా కొండలు బాగానే కనిపిస్తాయి. అక్కడ మొదటి రాత్రి మద్యం, నిద్ర మాత్రలు రెండూ వద్దు. ఎత్తులో నిద్రలో ఊపిరి ముందే తడబడుతుంది, ఇవి దాన్ని ఇంకా అణచివేస్తాయి.

ఇక మీరు అడిగిన మాత్రలు. క్యాప్సూల్‌ను రెండు పూటలకు పెంచొద్దు. పాంటాప్రజోల్ సంగతి అలా ఉంచితే, అందులోని డోంపెరిడాన్ కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. ఆ కారణంతోనే ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2014లో దాని వాడకంపై పరిమితులు పెట్టింది. గుండె జబ్బు ఉందో లేదో తేలని మీరు దాన్ని రోజూ వేసుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. మీ డాక్టర్‌కు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. బాగా తినడానికి ముందు జాగ్రత్తగా మాత్ర వేసుకోవడం అనే ఆలోచనే మానేయండి. రాత్రి భోజనం త్వరగా, సగం కడుపుకే ముగించండి.

బీపీ మాత్ర మీ అంతట మీరు మానకూడదు. నాలుగు రోజులు మానేసి, ఉప్పు ఎక్కువ తిని, ఎత్తుకు వెళ్తే బీపీ ఎక్కడికి పోతుందో చెప్పలేం. మూత్రం ఇబ్బందికి మందు మానాల్సిన పని లేదు, దారిలో ఆగండి. దీర్ఘ ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఎలాగూ గంటన్నర, రెండు గంటలకోసారి దిగి నడవాలి. అయితే వాంతులు, విరేచనాలు గట్టిగా పట్టుకుని నీళ్లు కూడా నిలవకపోతే అది వేరే పరిస్థితి. అప్పుడు మీరు వాడుతున్న ఈ మందుల్లో కొన్ని కిడ్నీని దెబ్బతీయవచ్చు. ముఖ్యంగా డపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు తిండి, నీళ్లు లేకుండా ఉంటే రక్తంలో షుగర్ మరీ పెరగకపోయినా కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రమాదంలో పడవచ్చు. అలాంటి రోజున ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో బయల్దేరే ముందే మీ డాక్టర్‌తో రాయించుకోండి. తలనొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లొద్దు. మీ బీపీ మాత్రతో కలిస్తే అవి కిడ్నీకి చేటు. అవసరమైతే పారాసెటమాల్ చాలు.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా చూడటానికి ఎసిటజోలమైడ్ మంచి మందే. కొందరికి మేమే రాస్తాం. కానీ స్నేహితుడికి సరిపోయిందని మీరు కొనుక్కోకూడదు. అదీ మూత్రం ఎక్కువ పోయేలా చేసేదే. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్‌తో కలిస్తే పొటాషియం పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో రక్తంలో ఆమ్లం పెరిగే ముప్పునూ చూసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. కిడ్నీ పరీక్ష రిపోర్టు చూడకుండా నేనైతే మీకు ఆ మందు రాయను.

మీ శ్రీమతికి కారులో ముందు సీటు ఇవ్వండి. ఫోన్ చూడొద్దు, ఖాళీ కడుపుతోనో నిండు కడుపుతోనో బయల్దేరొద్దు. గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) వంటివి లేకపోతే మెక్లిజిన్ లాంటి మాత్రను ప్రయాణానికి గంట ముందు వేసుకోవచ్చు, ఆమె వాడుతున్న ఇతర మందులు చూసి డాక్టర్ చెబితేనే. మగత వస్తుంది కాబట్టి డ్రైవింగ్ చేసేవాళ్లెవరూ దాన్ని వేసుకోకూడదు.

పరీక్షల్లో గుండెకు ఇబ్బంది లేదని తేలితే కొండలకు వెళ్లండి. తేలకపోతే, లేదా రిపోర్టులు అప్పటికి చేతికి రాకపోతే, కొండల భాగం రద్దు చేసుకుని నగరంలోనే ఉండండి, అదీ డాక్టర్ సరేనంటేనే. ఎక్కడికి వెళ్లినా తాజా ఈసీజీ, మందుల చీటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, అవే ఫొటోలు మీ తమ్ముడికీ పంపండి.